నాలుగుంబావు ఫోను

బండి తీసేముందు సత్యదుర్గారావు ఫోను తీసి స్టీరింగు పక్కనున్న అరలో పడేసి, మూత వేసి, ఆ మూత మీద అరచేత్తో మెల్లగా తట్టేవాడు. పసిపిల్లని జోకొట్టినట్టుండేది. కొత్తపేట బడి నుంచి పలివెల మీదుగా కాలవగట్టు ఊళ్లకి పన్నెండేళ్లు పిల్లల్ని తిప్పిన మనిషి. అన్నేళ్లలో మూడే మూడు రోజులు ఆ అర ఖాళీగా ఉంది. ఆ మూడు రోజుల సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. పిల్లల అమ్మానాన్నలకి చెప్పాడు, బడిలో చెప్పాడు, టీకొట్టు దగ్గర కూడా చెప్పాడు. అందరికంటే ముందు భార్య లక్ష్మీతులసికి చెప్పబోయాడు. ఆవిడే వినలేదు.

అప్పటికి తులసి కువైట్ వెళ్లి ఏడు నెలలు. పెంకుటిల్లు తీసి స్లాబు వేసుకుందామని ఇద్దరూ అనుకునే వెళ్లింది. ఒక ముసలావిడ ఉన్న ఇంట్లో పని. లేచింది మొదలు వంట, గుడ్డలు, ముసలావిడ స్నానం, మందులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీసేది. అప్పుడు ఒక్క పావుగంట తులసిది. వంటింటి వెనక గచ్చు మీద కూర్చుని మొగుడికి ఫోను చేసేది. అక్కడ ఒంటిగంటా ముప్పావు, ఇక్కడ నాలుగుంబావు. సరిగ్గా దుర్గారావు పిల్లల్ని ఎక్కించుకుని పలివెల దాటే వేళ.

అరలోంచి ఫోను మోగేది. పిల్లలంతా ఒక్క గొంతుతో "బాబాయిగారండీ, ఫోనండీ!" అనేవారు.

"మీ పిన్నిగారమ్మా. అందరూ దిగేక మాట్లాడతాను" అనేవాడు.

ఆఖరి పిల్లని దింపి తిరిగి ఫోను చేసేసరికి అయిదున్నర. ఈలోగా అవతల ఇల్లు లేచిపోయేది. తులసి చేతినిండా గిన్నెలు. "తర్వాత" అని పెట్టేసేది. రాత్రిపూట ఫోను ముసలావిడ కూతురు తీసి దాచేది. ఇక మిగిలింది బడి లేని ఆదివారం. వారానికి ఒక పావుగంటలో ఇద్దరు మనుషుల కాపురం ఎంతని పడుతుంది?

తులసి అన్న జగ్గారావు అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ నడుపుతాడు. చెవిలో బ్లూటూత్ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. బావ దగ్గర మొహమాటమేమీ లేదు.

"బావా, నేను విజయవాడ దాకా మాట్లాడుకుంటా పోతాను. నువ్వు పలివెల దాకా మాట్లాడలేవా? మా చెల్లెలు ఎడారిలో కూర్చుని గోడకి కబుర్లు చెప్తందంట!"

"నీ వెనకాల ఉన్నవి కొబ్బరికాయలు జగ్గారావూ."

"చేతులు స్టీరింగు మీదే ఉంటాయి కదయ్యా! కళ్లేమన్నా మూసుకోమన్నానా?"

మాట్లాడ్డంలో జగ్గారావుని గెలిచేవాడు కాదు దుర్గారావు.

ఆ నెలలోనే సూర్యకుమారి అనే ఆవిడ కువైట్ నుంచి సెలవు మీద వస్తుంటే, తులసి ఆవిడ చేత చిక్కుడుగింజంత నల్లటి వస్తువొకటి పంపించింది. చెవిలో పెట్టుకుంటే చాలు, ఫోను ముట్టుకోనక్కర్లేదు, దానంతటదే ఎత్తుకుంటుంది. పెట్టె మీద తెలుగులో రాసి పంపింది: 'ఇంక సాకు లేదండీ.'

ఆ అక్షరాలు చూసి దుర్గారావు చాలాసేపు నవ్వుకున్నాడు. మర్నాడు ఫోను అరలో పెట్టకుండా చొక్కా జేబులో వేసుకుని, దాన్ని చెవిలో పెట్టుకున్నాడు.

మొదటిరోజు నాలుగుంబావుకి తులసి గొంతు చెవిలో పలికింది. "కొబ్బరి దింపు తీయించేరా? దొడ్డి కంచె కట్టించేరా? పచ్చడి బూజు పట్టిందా, పడితే పారేయండి, తినకండి." ఆయన "ఆయ్, ఆయ్" అంటూ బండి నడిపాడు. వెనక పిల్లలు కిసుక్కుమని నవ్వారు. రెండోరోజూ అంతే. ఏడు నెలల్లో ఎప్పుడూ లేనంత హాయిగా పడుకున్నాను ఆ రెండు రోజులు అని తులసి తర్వాత చెప్పుకుంది.

మూడోరోజు తులసి ఏడ్చింది. గాజు గ్లాసొకటి జారి పగిలిందనీ, ముసలావిడ కూతురు అందరి ముందూ నానా మాటలూ అందనీ. దుర్గారావు "ఊఁ... ఏడవకు... నేను వింటున్నాను కదా" అంటూనే ఉన్నాడు. పావుగంట అయిపోయింది. ఫోను ఆగిపోయింది. ఆఖరి ఊళ్లో ఆఖరి పిల్లాడిని దింపి, అలవాటు ప్రకారం వెనక సీట్లు చూశాడు.

రమ్యశ్రీ కూర్చుని ఉంది. రెండో తరగతి పిల్ల. సంచి ఒళ్లో పెట్టుకుని, చేతులు దాని మీద బుద్ధిగా పెట్టుకుని ఉంది. వాళ్ల ఇల్లు నాలుగు కిలోమీటర్లు వెనకే, ఇరుకు వంతెనకి అవతల.

"అమ్మడూ! దిగలేదేంటమ్మా?"

"మా ఇల్లు వెళ్లిపోయిందండీ."

"మరి చెప్పలేదే?"

"మీరు పిన్నిగారితో మాట్లాడతన్నారు కదండీ. పెద్దవాళ్లు మాట్లాడతంటే మధ్యలో పిలవకూడదని మా నాన్నమ్మ చెప్పిందండీ."

దుర్గారావు బండి వెనక్కి తిప్పాడు. రమ్యశ్రీ నాన్నమ్మ నూకాలమ్మ ఇంటి ముందు గట్టు మీద నిలబడి ఉంది. బండి రెండుసార్లు హారన్ కొట్టినా ఆవిడ ఇటు తిరగలేదు. రోడ్డు వైపు కాదు, కాలవలోకి చూస్తోంది. బండి ఆగకుండా పోవడం చూసి, పిల్ల ముందే ఎక్కడో దిగి నడిచి వస్తోందేమో, కాలు జారిందేమో అని ఆవిడ భయం. పిల్లని చూశాక దగ్గరికి లాక్కుని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది.

"నా తప్పేనండి నూకాలమ్మగారూ" అన్నాడు దుర్గారావు.

"పోనీలే బాబూ, వచ్చేసింది కదా" అంది ఆవిడ. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన ఆ తర్వాత చాలాసార్లు అన్నాడు.

మర్నాడు నాలుగుంబావుకి తులసి ఫోను మళ్లీ అరలోంచే మోగింది. ఎత్తలేదు. ఆ రోజు పొద్దున్నే ఆయన ఒక వాయిస్ మెసేజీ పంపాడు, ఏడు నిమిషాలది. తులసికి ఒళ్లు మండిపోయింది. ఏడ్చిన మర్నాడే మొహం చాటేసిన మనిషి మాటలు వినేదేమిటని దాన్ని తెరవలేదు. ఫోను చెయ్యడమూ మానేసింది. అయినా రోజుకొకటి చొప్పున మెసేజీలు వస్తూనే ఉన్నాయి. ఆదివారం ఫోను మోగితే కట్టేసింది. ఇంకో నాలుగు రోజులు పోతే అసలు ఆ నంబరే తీసేద్దునని తర్వాత తనే ఒప్పుకుంది. తొమ్మిదో రోజు, పావుగంటలో ఏమీ తోచక, గచ్చు మీద కూర్చుని మొదటిది నొక్కింది.

"తులసీ, కోపం తెచ్చుకోకుండా మొత్తం విను" అని మొదలైంది. రమ్యశ్రీ సంగతంతా చెప్పాడు. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గింది.

"నిన్న ఇరుకు వంతెన దాటేను. దాటే ఉంటాను, లేకపోతే అవతలికెలా వెళ్తాను? కానీ దాటినట్టు గుర్తు లేదు. హారన్ కొట్టేనో లేదో గుర్తు లేదు. ఎదురుగా ఎవరైనా వచ్చేరేమో గుర్తు లేదు. గుర్తున్నదల్లా మీ వంటింటి గచ్చు. నేనెప్పుడూ చూడని గచ్చు తులసీ, పగిలిన గ్లాసుతో సహా కనిపించింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. నేను మాత్రం నీ దగ్గరున్నాను. ఆ కాసేపూ బండిలో పెద్దవాడన్నవాడు ఎవడూ లేడు. పిల్లలే ఉన్నారు."

మళ్లీ అందుకున్నాడు.

"జగ్గారావు ఎలా మాట్లాడతాడో నాకు తెలీదు. నువ్వు ఏడుస్తంటే సగం చెవితో వినడం నా వల్ల కాదు. అందుకని ఇలా చేద్దాం. పొద్దున్న బండి తీయకముందు పావుగంట నీకు చెప్పుకుంటాను. నువ్వు నీ పావుగంటలో విను. నువ్వు చెప్పింది నేను సాయంత్రం బండి కడిగేక వింటాను. ఒకపూట ఆలస్యం, అంతే కదా. సరే, పిల్లల వేళయింది, ఉంటాను."

ఆఖర్న మూత వేసిన చప్పుడు, అరచేత్తో తట్టిన చప్పుడు.

తులసి ఆ రోజు మిగతా ఎనిమిదీ వినలేకపోయింది, టైము చాలలేదు. కానీ జవాబు పంపింది. "పచ్చడి పారేసేరా లేదా?"

అలా రెండేళ్లు సాగింది కాపురం. పొద్దున్న అడిగినదానికి మధ్యాహ్నం జవాబు, మధ్యాహ్నం అలిగినదానికి సాయంత్రం బుజ్జగింపు. ఎదురెదురుగా ఉన్న పదేళ్లలో చెప్పుకోనివి కూడా చెప్పుకున్నారు. దుర్గారావు బండిలో పిల్లలకి ఒక కొత్త సంగతి నేర్పాడు. "ఇంట్లో పెద్దల మాటకి అడ్డు రాకండి. బండి నడుస్తుండగా ఎవరు ఫోను మాట్లాడినా మాత్రం అరవండి." పిల్లల్ని అరవమన్నవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. ఇక మోటారుసైకిలు మీద చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని పోతున్న ప్రతివాడినీ కిటికీల్లోంచి తరుముకునేవారు. ఒకరోజు సాక్షాత్తూ లెక్కల మాస్టారే దొరికారు. "మాస్టారండీ, ఫోనండీ!" అని అందరికంటే గట్టిగా అరిచింది రమ్యశ్రీ.

తులసి తిరిగి వచ్చింది. స్లాబు ఇంట్లో ఇద్దరూ కలిసి ఉన్నది ఏడాదిన్నర. పోయిన శ్రావణంలో నాలుగు రోజుల జ్వరంతో దుర్గారావు ఆసుపత్రిలో పోయాడు. పలకరించడానికి వచ్చిన నూకాలమ్మ గుమ్మంలో కూలబడి, "కాలవ చూసినప్పుడల్లా ఆ బాబే గుర్తొస్తాడమ్మా. నా తప్పండీ అన్నాడు. అలా అనేవాళ్లు ఎవరున్నారు?" అని ఏడ్చింది.

నెలమాసికం దాటాక ఒకరోజు, ఏవో కాగితాల మీద సంతకాలకని జగ్గారావు చెల్లెల్ని కారులో అమలాపురం తీసుకెళ్తున్నాడు. చెవిలో ఎప్పటి వస్తువే. ఎవరితోనో కాయ ధర మాట్లాడుతున్నాడు. ఇరుకు వంతెన ఇంకా రాలేదు.

"అన్నయ్యా, పక్కకి ఆపు. నీకొకటి వినిపించాలి."

"పెట్టవే, నడుపుతా వింటాను."

"నడుపుతా వినేది కాదు."

ఆ గొంతుకి జగ్గారావు మాట మధ్యలో ఆపి, కారు గట్టు మీద నిలిపాడు. తులసి మొదటి మెసేజీ నొక్కింది. ఏడు నిమిషాలూ ఇద్దరూ కదల్లేదు. తన పేరు వచ్చిన చోట జగ్గారావు కిటికీలోంచి కాలవ వైపు తిరిగాడు. ఆఖర్న మూత పడింది, అరచేత్తో తట్టిన చప్పుడు వినిపించింది.

"చాదస్తం మనిషి" అన్నాడు జగ్గారావు, కండువాతో ముక్కు తుడుచుకుంటూ. చెవిలోది తీసి, ఫోనుతో పాటు ముందున్న అరలో పడేశాడు. కారు కదిలింది.

వంతెన మీదికి ఎక్కుతుండగా అరలో ఫోను మోగింది. తులసి అటు చూడలేదు. జగ్గారావు హారన్ కొట్టి, ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, నెమ్మదిగా దాటించాడు. అది అలా మోగుతూనే ఉంది.