నోరు మెదపని వన్స్ మోర్

నేను బావా అని పిలిచే స్నేహితుడు పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అని అరవడం, నటుడు మళ్లీ పాడటం మా వైపు ఆనవాయితీ. అతని పద్యానికి ఎవరూ అరిచేవారు కాదు. మానేస్తాడేమోనన్న భయంతో వెనక వరసలోంచి ప్రతిసారీ నేనే అరిచేవాణ్ని. బావ పగలంతా బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసి, సాయంత్రం రిహార్సల్‌కి పరిగెత్తుకొచ్చేవాడు.

కిందటేడు అనకాపల్లిలో నాటకం. మా ఆఫీసరు నన్ను ముందు వరసలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ సాయంత్రం బావ పద్యానికి నా ఒళ్లు గగుర్పొడిచింది. పాడటం అయ్యాక కిరీటం సర్దుకుంటూ, నావైపే చూస్తూ ఆగాడు. ఆఫీసరు నవ్వుతాడేమోనని నేను నోరు మెదపలేదు. ఛీ, చప్పట్లయినా కొట్టలేదు.

తర్వాత రంగు తుడుచుకుంటూ అన్నాడు: "ఇన్నాళ్లూ అరిసేది నువ్వేనని నాకు తెలుసు బావా. బాగుంటేనే అరుత్తన్నావనుకున్నాను. ఈయేళ బాగా పాడేననిపించింది. నీకే నచ్చనేదంటే ఇంక నా వల్ల కాదులే."

ఇంతకు ముందెన్నడూ ఇంత బాగా పాడలేదని అప్పుడైనా చెప్పాల్సింది. బయట ఆఫీసరు నా బండి కోసం ఎదురుచూస్తున్నాడు. తర్వాత మాట్లాడదామని వచ్చేశాను.

బావ మళ్లీ రంగు వేసుకోలేదు.