బోర్డు మీద ఖాళీ గడి

మా కర్మాగారంలో బూజు పెంచి మందు తీస్తాం. ఇరవై ఆరేళ్లుగా ఆ బూజును పెంచుతున్న ఆపరేటర్‌ని అందరూ ముక్కు బాబాయ్ అంటారు. ట్యాంకులోంచి బయటికొచ్చే గాలిని ఒక్కసారి వాసన చూసి లోపల పంట ఎలా ఉందో చెప్పేస్తాడు. అదే సంగతి తేల్చడానికి ల్యాబులో నేను రెండు గంటలు తంటాలు పడతాను. నాకు డిగ్రీ ఉంది కాబట్టి రికార్డులోకి ఎక్కేది నా మాటే.

ఆయన ట్యాంకు పాతకాలపుది. మధ్యలో నిలువు కడ్డీ, దానికి రెక్కలు, పైన మోటారు. దాని లోపాలు ఆయనే ఏకరువు పెట్టేవాడు.

"కరెంటు తెగ తాగుతుంది. రెక్కలు తగిలి బూజు పోగులు తెగుతాయి. కడ్డీ దగ్గర సీలు అరిగితే బయటి క్రిములు దూరతాయి. కానీ ఎంత చిక్కబడ్డా కలుపుతుంది, అడుగుదాకా గాలి అందిస్తుంది. ఇంకేం కావాలమ్మా?"

ఇంతలో యజమాని గారి అల్లుడు ఊడిపడ్డాడు. ఏదో ప్రదర్శనకు వెళ్లి, నిగనిగలాడే పొడుగాటి గొట్టం ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో రెక్కల్లేవు, మోటారు లేదు. అడుగునుంచి ఊదిన గాలే పైకి లేస్తూ ద్రవాన్ని తిప్పుతుంది. దాని గొప్పతనం చాటడానికి, బూజు పెంచే నాలుగు రకాల ట్యాంకుల లాభాలూ లోపాలూ గడుల్లో పోల్చే బోర్డు హాల్లో పెట్టించాడు. నా చేతిరాత బాగుంటుందని ఆ పని నాకు అంటగట్టారు.

అల్లుడు చెబుతుంటే నేను రాశాను. రెక్కల ట్యాంకు: బాగా కలుపుతుంది, ఖర్చెక్కువ. పూసల ట్యాంకు: కణాలు పూసలకు అంటుకుని చాలాకాలం పనిచేస్తాయి, మధ్యలో పూడుకుపోతుంది. వాడి పారేసే సంచి: కడిగే పనిలేదు, చిల్లి పడితే అంతా నేలపాలు. గాలి ట్యాంకు: తక్కువ కరెంటు, పోగులు తెగవు, సీలు గొడవ లేదు.

"లోపాలు, సార్?"

"ఆ గడి వదిలెయ్. కొత్తదానికి లోపాలేంటి?"

చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. నేనూ ఊపాను. నెలనెలా జీతమిచ్చేది తల ఊపడానికే అయినట్టు ఊపాను.

బాబాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి బోర్డు చదివాడు. "నీళ్లలా పలచగా ఉండే పంటకైతే ఇది బంగారం సార్. మన బూజు నాలుగో రోజుకి జిగురవుతుంది. బుడగలు మధ్యలోంచి దారి చేసుకుని పైకి పోతాయి, అడుగున ఊపిరాడక చస్తుంది. ఆ గడిలో ఈ ముక్క రాయించండి."

"ముక్కుతో పనిచేసే రోజులు పోయాయి బాబాయ్. ఇందులో మొదటి పంట నువ్వే దింపు. పాడైందో, పోయేది నీ పేరే."

తన చేతి పంట ఒక్కటీ కాలువపాలు కాలేదన్న పేరు తప్ప ఆయన కూడబెట్టుకున్నది ఇంకేమీ లేదు.

నాలుగో రోజు పొద్దున్నే బాబాయ్ గాలి వాసన చూసి మొహం చిట్లించాడు. "పుల్లబడింది. చక్కెర ఆపి, నీళ్లు కలుపుదాం సార్. సగమైనా దక్కుతుంది."

నేనూ కొలిచాను. అడుగున ప్రాణవాయువు సున్నా. ఆ చీటీ మీద టైము కూడా వేసి అల్లుడి చేతికిచ్చాను. చదవకుండానే వెనక్కిచ్చి, "గాలి పెంచండి" అన్నాడు మహా మేధావి.

పెంచారు. నురగ పొంగి పైనున్న ఫిల్టరు తడిసి ముద్దయింది, బయటి క్రిములు లోపలికి దూరాయి. మధ్యాహ్నానికి ట్యాంకంతా కుళ్లు కంపు. అది పసిగట్టడానికి బాబాయ్ ముక్కు అక్కర్లేదు, మేధావి కూడా జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

సాయంత్రం విచారణ. "ఆపరేటర్ గాలి ఆలస్యంగా పెంచాడు మామయ్యా" అన్నాడు అల్లుడు, కళ్లార్పకుండా. యజమాని నావైపు తిరిగి, ల్యాబు లెక్కలేమంటున్నాయని అడిగారు. చీటీ నా కోటు జేబులోనే ఉంది. వేళ్లకు తగులుతూనే ఉంది.

"సరిగ్గా నమోదు కాలేదండీ" అన్నాను. అల్లుణ్ణి ఇంతసేపూ తిట్టిపోశానే, నాకంటే వాడే నయం. వాడికి బూజు గురించి తెలియదు, నాకు తెలుసు.

బాబాయ్‌ని రేపటినుంచి రావద్దన్నారు. పొద్దున్నే అతిథులు వస్తున్నారని, ఖాళీ గడి బాగుండదని, అల్లుడు నన్ను పిలిచి చెప్పాడు. నేను రాశాను. లోపాలు: ఆపరేటర్ అజాగ్రత్త.

రాస్తుండగా బాబాయ్ తన క్యారేజీ పట్టుకుని ఆ దారినే వెళ్తున్నాడు. ఆగి, కళ్లజోడు సర్దుకుని, ఆ గడి చదివాడు.

"అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా" అన్నాడు.