పాత గిడ్డంగి గోడకు నేను పూయించిన సిమెంటు

వరంగల్ మట్టెవాడలో మా ఇంటి గోడకు మొన్న చెమ్మ ఎక్కితే, చూడవచ్చిన మేస్త్రి రెండు దెబ్బలు చరిచి, సిమెంటు కొట్టేస్తే సాఫయిపోతుందని తేల్చేశాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. కోపం అతని మీద కాదు, నలభై ఏళ్ల కిందట సరిగ్గా అదే మాట అన్న నా మీద.

ఖిలా వరంగల్‌లో మా మ్యూజియానికి అప్పట్లో మూడు కట్టడాలుండేవి. వాటిలో అన్నిటికంటే పాతది ఒకప్పటి ధాన్యం గిడ్డంగి, శిల్పాలన్నీ అందులోనే ఉండేవి. నేను నక్షాలు గీసే ఉద్యోగంలో కొత్తగా చేరాను, ఇంకా పర్మినెంటు కాలేదు, నోరు మాత్రం పెద్దది. గోడల సున్నం పెచ్చులూడుతోందని, చూడ్డానికి అసహ్యంగా ఉందని మా ఆఫీసరు గారిని ఒప్పించి నాలుగువైపులా సిమెంటు పూయించాను. అద్దంలా ఉందని మురిసిపోయాను కూడా. ఏం తెలివి నాది!

మరుసటి వానాకాలానికి లోపల గోడలు చెమర్చాయి, ఉప్పు పూసింది, విగ్రహాల పీఠాల దాకా తేమ పాకింది. కట్టడానికి కాలం చెల్లిందని, కూలగొట్టి కొత్తది కట్టాలని పైవాళ్లు అనుకుంటున్నట్టు తెలిసింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఖిలాలోనే ఉండే ఒక ముసలి మేస్త్రిని పిలుచుకొచ్చాను. అందరూ ఆయన్ని చాచా అనేవారు, నేనూ అదే అన్నాను. ఆయన అరచెయ్యి గోడకానించి మొహమాటం లేకుండా చెప్పాడు: "గోడకు ఊపిరాడ్తలేదు సారూ. మంచిగున్నదాని గొంతు మీరే పిసికిండ్రు." గోడలోకి ఎక్కిన నేలతడి సున్నంలోంచైతే గాలికి పోయేదట, నా సిమెంటు దాన్ని లోపలే బిగించేసిందట. ఆ సాయంత్రమే ఆఫీసరు గారి ముందు నిలబడి, తప్పు కట్టడానిది కాదు, నాదేనని ఒప్పుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, వచ్చే వానల దాకా గడువు ఇప్పించారు.

ఇక చూడండి మా పంతం! ఎండలు ముదరకముందే పల్లెల నుంచి వచ్చిన కూలీలతో కలిసి నేనూ ఉలి పట్టాను, చేతులు బొబ్బలెక్కాయి. సిమెంటు ఊడుతున్నకొద్దీ కట్టడం తన వయసు తానే చెప్పుకుంది. అడుగున కోటకాలపు చెక్కుడు రాళ్లు, వాటిమీద సన్నటి ఇటుక, తూర్పున ఎవరో ఎప్పుడో మూసేసిన కమాను ద్వారం, దాని పక్కన పాత సున్నంలో ఒక పనివాడి నాలుగు వేళ్ల ముద్ర. అవేవీ నా నక్షాలో లేవు. సిగ్గుపడి మొదట్నించీ మళ్లీ గీశాను. చాచా మాత్రం కుండల్లో కరక్కాయ, బెల్లం నానబెట్టి, ఆ నీళ్లు పోసి సున్నం నూరించేవాడు. నేను తొందరపెడితే, "జర సబర్ చెయ్యి బేటా, నీ గడువు సున్నానికెర్కనా?" అని నవ్వేవాడు.

ఆ సున్నం గోడలన్నిటికీ పూశాక, మొదటి పెద్దవాన మూడు రోజులు విడవకుండా కురిసింది. నాలుగో రోజు ఆఫీసరు గారు లోపలికొచ్చి, గోడ తడిమి, చెయ్యి తిప్పి చూసుకున్నారు. పొడిగా ఉంది. కూల్చివేత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చాచా చేతులు పట్టుకుని అక్కడే ఏడ్చేశాను.

ఇప్పుడు చాచా లేడు. ఆయన కొడుకులు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల పనిలో ఉన్నారు. వాళ్లనేమనగలం, సున్నం పని ఇచ్చినవాళ్లెవరు గనుక? పోయిన ఏడు ఆ గిడ్డంగి గోడ ఒక మూల రాలితే, ఎలా బాగుచెయ్యాలని మ్యూజియం వాళ్లు నన్నడిగారు. ప్రతి కమాను కొలతా నా దగ్గరుంది. కానీ సున్నం అదునుకొచ్చిందో లేదో చాచా వాసన చూసి చెప్పేవాడు. అది ఎలాంటి వాసనో, ఆ ఎండాకాలమంతా పక్కనే ఉండి కూడా, ఒక్కనాడూ అడగలేదు.

అందుకే డెబ్బై దాటాక పెరట్లో కుండలు పెట్టుకుని కూర్చున్నాను. సున్నం మూడుసార్లు చెడింది. ఈ పొద్దున నాలుగోసారి కరక్కాయ నానవేశాను.