తేదీగారు బ్యాంకు షేర్లు కొన్న రోజు

పాల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తేదీగారు అనేవారు. అసలు పేరు జీతాల కాగితం మీద ఉండేది, అక్కడే ఉండిపోయింది. ప్యాకెట్లు నింపే మిషను పక్కన నిలబడి, ఏ రోజు వరకు ఆ పాలు వాడుకోవచ్చో ప్యాకెట్టు అంచున ఆ తేదీ పడేలా చూడటం ఆయన పని. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, ఎండిన సిరా తుడిచి, అంకెల చక్రాలు తిప్పేవాడు. మొదటి ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తేదీని దగ్గరగా చూసి తలూపితే తప్ప మిషను కదలడానికి వీల్లేదు. ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు తేదీ కూడా పడలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

ఒకసారి కొత్తగా వచ్చిన మేనేజరు, తేదీ వచ్చిన రోజు పొద్దున్నే ప్యాకెట్లన్నీ పారబోయమన్నాడు. తేదీగారు ట్రేలకి అడ్డంగా నిలబడ్డాడు.

"తేదీ అంటే ఆ రోజు గడిచేదాకా సార్. రోజు ఇంకా మొదలే కాలేదు. అప్పుడే కాలం చెల్లిందంటే ఎలా?"

మేనేజరు మొహం మాడ్చుకున్నాడు గానీ పాలు మాత్రం దక్కాయి. ఆ ఒక్క గెలుపునీ తేదీగారు పదేళ్లపాటు కథలుకథలుగా చెప్పుకున్నాడు. తేదీ అంటే ఏమిటో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఇంట్లో ఆయన, ఆయన అక్క, ఇద్దరే. ఆమె ఆయనకంటే పన్నెండేళ్లు పెద్దది. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు. అప్పట్నుంచీ స్నానం చేయించడం, బడికి పంపడం, వీపు మీద రెండు వేయడం అన్నీ ఆమే. రెడీమేడ్ షర్టులకి చేత్తో కాజాలు కుట్టి ఇల్లు నడిపింది. పెళ్లి మాట ఎత్తిన ఒకరిద్దరు పెద్దమనుషులకి, "వీడి బొత్తాలు ఎవరు పెడతారు, మీరు పెడతారా?" అని గడప దగ్గరే సమాధానం చెప్పి పంపేసింది. తమ్ముడు పెద్దవాడయ్యాక కూడా ఆ మాట అలాగే నడిచింది, ఇద్దరి పెళ్లిళ్లూ అలాగే దాటిపోయాయి. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధివైపు ఒక కిటికీ. అక్కకి ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కుట్టు కుడుతూ, వీధిలో వెళ్లేవాళ్ల నడకలకి వంకలు పెట్టడమంటే ప్రాణం.

ఆమెకి అరవై దగ్గరపడే వేళకి గుమ్మాలు తగలడం మొదలైంది. భుజం ఈ పక్క కొట్టుకునేది, ఆ పక్క కొట్టుకునేది. పక్కనుంచి వచ్చే మనిషి మీదపడేదాకా తెలిసేది కాదు. "గుమ్మాలు ఇరుకైపోతున్నాయిరా" అని నవ్వేసింది కొన్నాళ్లు. చివరికి తమ్ముడు బలవంతంగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది.

"నీటికాసులు అంటారు దీన్ని. కంట్లో ఒత్తిడి బాగా పెరిగిపోయింది. చుట్టూ ఉన్న చూపు చాలావరకు పోయింది, మధ్యలోది మిగిలింది. పోయింది మాత్రం తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికే ఆపరేషను. ఆలస్యం చేయకండి."

ఇరవై మూడో తేదీ ఇచ్చారు. అప్పటిదాకా వేసుకోమని చుక్కల మందు రాశారు. ఆపరేషను తర్వాత కూడా ఆ చుక్కలు జీవితాంతం ఉంటాయన్నారు. ఆ చిన్న సీసా ధర విని తేదీగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఇంకా లోపల ఏమైనా ఉందేమోనన్నట్టు.

ఆపరేషనుకి కావలసిన డబ్బు ఆయన దగ్గర సరిగ్గా ఉంది. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎవరి కాళ్లూ పట్టుకోవలసిన పనిలేదు. చాలనిది చుక్కల మందుకే.

తేదీగారికి షేర్ల సరదా ఉండేది. అది కూడా బ్యాంకు షేర్లే. "బ్యాంకుకి తలుపులుంటాయి, లోపల మనుషులుంటారు, వెళ్లి అడగొచ్చు" అనేవాడు. ఫోన్లో ఐదో పదో కొనడం, కాస్త పెరగగానే అమ్మేసి ఆ సాయంత్రమంతా చిన్నగా ఈల వేసుకోవడం. ఏ షేరునీ వారానికి మించి ఉంచుకోలేదు. అందుకే డివిడెండు, అంటే బ్యాంకు తన లాభంలోంచి వాటాదారులకి పంచే డబ్బు, ఏనాడూ ఆయన గుమ్మం తొక్కలేదు.

సరిగ్గా ఆ వారమే పేపర్లో చదివాడు. ఒక పెద్ద బ్యాంకు ఎన్నడూ లేనంత డివిడెండు ప్రకటించింది. రికార్డు తేదీ పద్దెనిమిది. అంటే ఆ రోజు వాటాదారుల జాబితాలో పేరున్నవాళ్లకి నెల రోజుల్లో డబ్బు వచ్చి పడుతుంది. తేదీగారి మొహం వెలిగిపోయింది. పద్దెనిమిదిన ఆపరేషను డబ్బంతా పెట్టి షేర్లు కొనాలి, పందొమ్మిదిన అమ్మేయాలి. ఇరవై మూడుకి డబ్బు చేతిలో ఉంటుంది, డివిడెండు దానంతటదే వెనకాల వస్తుంది, ఏడాది చుక్కలు గట్టెక్కుతాయి. ఆపరేషను డబ్బుకి ఒక్క రోజు పని చెప్పినట్టు, అంతే. పదిహేడునే కొనొచ్చు కదా అనిపించింది కూడా. రెండు రాత్రులు ఎందుకు, తేదీ అంటే ఆ రోజంతా అని తెలిసినవాడికి ఒక్క రాత్రి చాలదా అనుకున్నాడు.

పద్దెనిమిది పొద్దున ఫోను తెరిచేసరికి షేరు ధర ముందు రోజుకంటే బాగా తగ్గి ఉంది. ఆయన సంబరపడిపోయాడు. చవగ్గా దొరుకుతున్నాయని మొత్తం డబ్బుకీ కొనేశాడు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో తోటివాళ్లకి కూడా టీ ఇప్పించాడు.

పందొమ్మిదిన ధర ఇంకొంచెం జారింది. ఇరవైన మరికాస్త. అమ్మితే ఆపరేషనుకి లోటు పడుతుంది. నెల ఆగితే డివిడెండు వచ్చి ఆ లోటు సరిగ్గా పూడుస్తుంది. జీతం మీద అడ్వాన్సు అడగొచ్చు, కానీ ఎందుకని మేనేజరు అడిగితే ఏం చెప్పాలి? అక్క కళ్ల డబ్బు పట్టుకెళ్లి షేర్లలో పోశానని చెప్పాలా? ఆ సిగ్గు ఆయన నోరు కుట్టేసింది. ఇరవై ఒకటిన ఆసుపత్రికి తనే ఫోను చేశాడు. ఊళ్లో లేమని చెప్పి, తేదీ నెల తర్వాతకి మార్పించుకున్నాడు.

"డాక్టరమ్మ ఏదో మీటింగుకి వెళ్లిందట అక్కా. నెల ఆగాక చేస్తారట."

"పోనీలేరా. పెద్ద డాక్టర్లకి వంద పనులుంటాయి" అంది అక్క.

ఆ నెల తేదీగారి ఒంట్లో ప్రాణం లేదు. మిషను దగ్గర నిలబడ్డా, బస్సులో కూర్చున్నా, కంచం ముందు కూర్చున్నా ఫోనే. మెసేజి వచ్చిన చప్పుడైతే చాలు చేతిలో పని ఆపి ఫోను తీసేవాడు. చూస్తే ఏ కరెంటు బిల్లో, ఎవరిదో శుభోదయమో. ఇరవయ్యో రోజున అక్క మంచినీళ్ల చెంబు కోసం చెయ్యి చాపి, చెంబు పక్కన గాలిని పట్టుకుంది. ఆయన చూశాడు. చూసి, ఇంకా పది రోజులే కదా అనుకున్నాడు.

నెల నిండింది. డబ్బు రాలేదు. బ్యాంకు అందరికీ పంచేసిందని పేపర్లో చదివి, పరుగున షేర్ల ఆఫీసుకి వెళ్లాడు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి ఆయన ఖాతా తెరిచి చూసింది.

"మీకు రాదు అంకుల్. మీరు పద్దెనిమిదిన కొన్నారు."

"రికార్డు తేదీ పద్దెనిమిదే కదమ్మా?"

"అవును. కానీ కొన్న షేర్లు మర్నాటికి గానీ మీ ఖాతాలో పడవు. పద్దెనిమిదిన వాళ్లు జాబితా చూసుకునేటప్పటికి మీ పేరు అందులో లేదు. పదిహేడులోపు కొనుండాల్సింది. పద్దెనిమిది పొద్దుట్నుంచీ ఆ షేరు డివిడెండు లేకుండానే అమ్ముతారు. అందుకే కదా అంకుల్, ధర కూడా అంత మేర తగ్గి మొదలవుతుంది."

చవగ్గా దొరికాయని టీ ఇప్పించిన మధ్యాహ్నం ఆయనకి గుర్తొచ్చింది.

"మరి ఆ డబ్బు ఎవరికి పోయింది?"

"మీకు అమ్మినాయనకి. ఆయన ఆ రోజు అమ్మేసినా సరే, డివిడెండు ఆయనదే." ఆ అమ్మాయి ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది. "చాలామంది ఇలాగే పొరబడతారు అంకుల్. ఒక్క రోజే కదా తేడా."

అక్కడే అన్నీ అమ్మేశాడు. తక్కువైంది ఫ్యాక్టరీలో అడ్వాన్సు అడిగాడు. అక్కకి ఆపరేషను అని చెప్పాడు, అంతకంటే ఏమీ చెప్పలేదు. మేనేజరు ఎందుకూ ఏమిటీ అని అడగనే లేదు, అప్పటికప్పుడు సంతకం పెట్టేశాడు. ఆ సంతకానికి పట్టిన సమయం నిమిషం కూడా లేదు. తేదీగారు బాత్రూములోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఏడ్చాడు.

ఆపరేషను జరిగింది. కట్లు విప్పాక డాక్టరమ్మ టార్చిలైటు అటూ ఇటూ కదిపింది. అక్క కళ్లు లైటు వెంట వెళ్లలేదు. డాక్టరమ్మ తేదీగారిని వరండాలోకి పిలిచింది.

"మొదట ఇచ్చిన తేదీకే వచ్చుంటే, కనీసం మధ్య చూపు మిగిలేది. ఎందుకు వాయిదా వేశారు?"

తిట్టినా బావుండేది. ఆమె తిట్టలేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజున అక్క, "నువ్వేం చేస్తావురా, డాక్టర్లే తేదీ ఇవ్వకపోతే" అని ఆయన చెయ్యి నిమిరింది. ఆ ఓదార్పు ఆయన భరించలేకపోయాడు. కూలబడిపోయి అంతా చెప్పేశాడు. పేపరు, పద్దెనిమిది, షేర్లు, తను చేసిన ఫోను, తను ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు.

అక్క తడుముకుంటూ ఆయన తల మీద చెయ్యి పెట్టింది.

"చుక్కల మందు కోసమా?"

"ఊఁ."

"నన్ను అడిగుంటే మానేసేదాన్ని కదరా ఆ చుక్కలు." తర్వాత నెమ్మదిగా అంది. "ఆ నెలంతా నేనేం చేశానో తెలుసా? నువ్వు పనికెళ్లగానే కిటికీ మూసేసి, కళ్ల మీద గుడ్డ కప్పుకుని పడుకునేదాన్ని. వాడితే అరిగిపోతాయేమోనని. ఆపరేషను దాకా దాచుకుందామని. పక్కింటావిడ వచ్చి కాసేపు బయట కూర్చుందాం రమ్మన్నా వెళ్లలేదు. నీకు వడ్డించేటప్పుడే తెరిచేదాన్ని."

తేదీగారు ఆమె మోకాళ్ల మీద తల పెట్టాడు.

"ఆ తర్వాత ఉండదని తెలిస్తే చూసుకునేదాన్ని కదరా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూస్తూనే ఉండేదాన్ని." ఆమె చెయ్యి ఆయన తల మీదే ఉంది, తీయలేదు, నిమరలేదు. "పోనీ, నువ్వు చెప్పు. నువ్వు చూశావుగా. ఆ నెలలో వీధిలో ఏమేం చూశావో ఒక్కొక్కటీ చెప్పు. వింటాను."

చెప్పడానికి ఆయన తల ఎత్తాడు. ఎంత వెతుక్కున్నా ఒక్కటీ దొరకలేదు. ఆ నెలంతా ఆయన ఫోను తప్ప ఇంకేమీ చూడలేదు.