చెప్పు మీద బొట్టు

ఆ రోజుల్లో దుబాయ్‌లో ప్రతి మనిషికీ రెండు వయసులుండేవి. ఒకటి పాస్‌పోర్టులో రాసింది, ఇంకొకటి వచ్చి ఎన్నేళ్లయిందో చెప్పేది. మొదటి లెక్కలో నాకు ఇరవై రెండు. రెండో లెక్కలో ఇంకా పొత్తిళ్లలో ఉన్నవాడిని, కాబట్టి ఎవరేమన్నా పడాలి. పడ్డాను. పడ్డవి ఏవీ మరిచిపోలేదు (మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది, నేను జ్ఞాపకశక్తి అంటాను). రెండువేల నాలుగు ప్రాంతంలో అల్ కుసైస్‌లోని ఒక తలుపుల కార్ఖానాలో నేను కొత్త వడ్రంగిని.

అక్కడ రంద మిషన్‌ను మొదటిసారి చూసిన రోజు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. జగిత్యాల దగ్గర మా ఊళ్లో మా నాన్న చిత్రిక పట్టే రందతో చెక్క మీద ముందుకూ వెనక్కూ ఊగేవాడు. ఇక్కడ రందనే వెల్లకిలా పడుకోబెట్టారు. పొడవాటి ఇనుప బల్ల, దాని నడుమ సందులో గిర్రున తిరిగే కత్తులు, వాటి మీదుగా మనమే చెక్కను తోయాలి. నాన్నకు ఒక పూట పట్టే పనిని అది రెండు తోపుల్లో ముగించేది. మెలితిరిగిన పలక ఇటు నుంచి పోతే, అటు నుంచి అరచేత్తో తడిమినా ఎక్కడా తగలనంత నున్నగా వచ్చేది. కత్తుల మీద ఉండాల్సిన కాపు రేకును నాకన్నా ముందే ఎవరో విప్పి పారేశారు. ఆ సందును చూస్తే గర్భగుడి ముందు నిలబడ్డట్టుండేది. దండం పెట్టాలనిపించేది, దగ్గరికి పోవాలంటే భయం వేసేది.

మా మేస్త్రిది నిర్మల్ వైపు. అందరం మామ అనేవాళ్లం. ఆయన ఒట్టి అరచేతులతో చెక్కను నొక్కి కత్తుల మీదుగా దాటించేవాడు. చేతులు చెక్కతో పాటు తేలిపోతున్నట్టుండేవి. పది వేళ్లూ ఉన్నాయా అని నేను రోజూ చూసేవాడిని. ఉండేవి. నేను చేయి పెట్టబోతే మాత్రం వేళ్లు వాటంతట అవే ముడుచుకునేవి. "ఏందిరా, గోరింటాకు పెట్టుకున్నవా? ఇంక ఆరలేదా?" అన్నాడు మామ ఒకరోజు అందరి ముందు. కార్ఖానా అంతా నవ్వింది. నవ్విన వాళ్లలో జిగురు పూసే మలయాళీ ఇక్కా కూడా ఉన్నాడు. (ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. భాష రానివాడు కూడా నవ్వాడంటే అవమానం ఏ స్థాయిదో మీరే ఊహించండి.)

ఆ కసితోనే తోపుడు చెక్కలు చేశాను. అరచేయి కన్నా కాస్త పెద్ద మెరంటి కలప ముక్క, పైన ఇస్త్రీపెట్టెకు ఉన్నట్టు పిడి, వెనక అంచున చెక్క కొసను పట్టి నెట్టడానికి చిన్న మడమ. ఇక వేళ్లకూ కత్తులకూ మధ్య బెత్తెడు ఎడం. కాని నున్నటి చెక్క మీద నున్నటి చెక్క జారిపోయింది. అడుగున సైకిల్ ట్యూబు అంటిస్తే ముడతలు పడింది. గరుకు కాగితం అంటిస్తే పలకల మీద గీతలు పడి, మామ చేత ఇంకో నాలుగు తిన్నాను. చివరికి, అంతకుముందు శుక్రవారం రోలా బజారులో కొన్న హవాయి చెప్పుల మీద నా చూపు పడింది. ఎడమ కాలిది ఒక చెక్కకు, కుడి కాలిది ఇంకో చెక్కకు. కోసి, జిగురు పెట్టి, బిగించి ఉంచాను. మర్నాడు చూడాలి! ఉడుము పట్టే. ఇన్నాళ్లూ నన్ను భయపెట్టిన చెక్క నోరెత్తకుండా కత్తుల మీద సాగిపోయింది, పొట్టు వానలా కురిసింది. నా చేతులతో నేనే చేసిన వస్తువును నేనే నోరు తెరుచుకొని చూశాను. ఆ తర్వాత క్యాంపు బాత్‌రూముకు ఒట్టి కాళ్లతో పోతుంటే, చెప్పులేవిరా అని ఒక్కడూ అడగలేదు. అది వేరే సంగతి. మెల్లగా అందరూ వాటిని వాడసాగారు. మామ కూడా, నేను అటు తిరిగినప్పుడు.

దసరా వచ్చింది. ముదీర్, అంటే మా మేనేజరు, దయతలచి, పని అయ్యాక ఆయుధపూజ చేసుకోమన్నాడు. ఉలులు, రంపాలు, సుత్తులు, చివరికి రంద మిషన్‌కు కూడా పసుపూ బొట్టూ. నేను నా తోపుడు చెక్కలను కూడా వరసలో పెట్టాను. మామ చచ్చిన ఎలుకను తోక పట్టి తీసినట్టు వాటిని రెండు వేళ్లతో తీసి బల్ల కింద పడేశాడు.

"చెప్పుకు బొట్టు పెడ్తరార ఎవడన్న? అమ్మోరు కండ్లు పోగొడ్తది."

"చెప్పు గాదు మామా, రబ్బరు."

"మొన్నటిదాంక నీ కాలికే ఉండె గద?"

"ఒక్క దినమే తొడిగిన!"

ఇక్కా ఇంటి వెనక రబ్బరు చెట్లున్నాయట. ఆయన నా తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. "అరే మేస్త్రీ, రబ్బర్ తో పేడ్ కా దూధ్ హై. లక్డీ కా భాయ్ హువా నా?" రబ్బరంటే చెట్టు పాలే కదా, చెక్కకు తోబుట్టువే కదా అని. ఇంత గొప్ప వాదన నేను తర్వాత కోర్టుల్లో కూడా వినలేదు (కోర్టులు బాగానే తిరిగాను). మామ కొబ్బరికాయ కొడుతూనే, "ఖలాస్" అన్నాడు. నేను నా చెక్కలను తీసుకొని పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాను. బొట్టుకు పనికిరానిది పనికి మాత్రం ఎందుకు?

రెండు రోజుల తర్వాత మామ పొట్టి టేకు ముక్కలకు రంద పడుతున్నాడు. పొట్టివే ప్రమాదం. చేయి ఆనించే చోటుండదు, వేళ్లు సందు మీదికే పోతాయి. మామ తల ఎత్తకుండానే పక్కకు చేయి చాపాడు. "తే."

నేను వినపడనట్టు నిలబడ్డాను.

"తేరా."

"ఏంది మామా?"

"నీ చెప్పులు తేరా బద్మాష్! యల్లా!"

అవి చెప్పులు కావని అక్కడే తేల్చుకుందామనుకున్నాను. కాని టేకు ముక్క మీద ఆయన వేళ్లు కనిపించాయి. తాళం తీసి ఇచ్చాను. (మెత్తబడి కాదు, ఆయనంతట ఆయన అడిగాడు కనుక. ఇది గమనించాలి.)

ఒక ముక్కలో గట్టి ముడి ఉంది. కత్తులు దాన్ని అందుకోగానే మిషన్ గొంతు మారింది. ముక్క వెనక్కి ఎగిరి, మామ నడుము పక్కనుంచి దూసుకుపోయి గోడకు కొట్టుకుంది. కింద ఆసరా పోయేసరికి మామ కుడి చేయి తూలి నేరుగా కత్తుల మీద పడింది. గర్రుమన్న శబ్దం. ఎవరో మిషన్ ఆపారు. కత్తులు నెమ్మదించి ఆగాయి.

మామ చేయి పైకెత్తాడు. చేతిలో తోపుడు చెక్క అలాగే ఉంది. అడుగున ముందు సగం లేదు, రబ్బరూ చెక్కా కలిపి ఏదో కొరుక్కు తిన్నట్టు పోయింది. పైన, పిడి చుట్టూ, అయిదు వేళ్లు. ఆయన ఒక్కొక్కటే విప్పాడు. మడిచాడు. మళ్లీ విప్పాడు. మనిషి వేలు కదలడం అంత అద్భుతమైన సంగతని నాకు ఆ రోజే తెలిసింది. ఇక్కా పైకి చూసి ఏదో గొణుక్కున్నాడు.

మామ ఆ చెక్కను తిప్పి, మిగిలిన చెప్పు ముక్కను కుడి కంటికీ ఎడమ కంటికీ అద్దుకున్నాడు. అందరి ముందూ. తర్వాత వంగి తన కాలి చెప్పు విప్పి నా చేతిలో పెట్టాడు. "కోస్కో. ఇంకోటి చెయ్యి" అన్నాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలు పొట్టులో, అలా నిలబడ్డాడు.

అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కాళ్లకు మొక్కుతారు, లేకపోతే కళ్లు తుడుచుకుంటారు. నేను చెప్పును వెనక్కి తిప్పి, బొటనవేలితో నొక్కి చూసి, "ఇది అరిగింది మామా, పట్టుండదు. నావి కొత్తవుండె" అన్నాను.

మామ నవ్వాడో ఏడ్చాడో తెలియదు, ఆ పొట్టులోనే కూలబడ్డాడు. ఆ కుర్రవాడిని ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. కళ్లెదుట అంత జరిగినా తన ఫిర్యాదు వదలలేదు, పిచ్చివాడు. అయినా చెప్పు అరిగిన మాట మాత్రం నిజం. మడమ దగ్గర అట్టముక్కంత మందం కూడా లేదు.