ఉతకని మూల

మొసెలాంచా అంటే కుక్కతోక. ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, ఈ మూడోదాని మీద చావు కన్ను పడకూడదని వాళ్లమ్మ పెట్టిన పేరు. పేరు పనిచేసింది. పిల్ల బతికింది. పెట్టినావిడే పోయింది.

అంతకు రెండేళ్ల ముందు నాన్న. జోహన్నెస్‌బర్గ్ బంగారు గనుల నుంచి దగ్గుతూ వచ్చాడు, వానాకాలం దాటలేదు. తర్వాత అమ్మ. ఊపిరితిత్తుల జబ్బు అన్నారు. లెసోతో కొండల్లో ఆ ఏళ్లలో ఎవరు పోయినా ఊపిరితిత్తుల జబ్బే. అసలు పేరు ఎవరూ నోటితో అనలేదు. ఊళ్లోవాళ్లు ఆ ఇంట్లో నీళ్లు తాగడం మాత్రం మానేశారు. అప్పటికి మొసెలాంచాకి పన్నెండు, చెల్లెలు లిపువోకి మూడు.

పోయినవాళ్ల బట్టలు మూటగట్టి గుడిసెలో ఓ పక్కన పెడతారు. నెల తిరిగాక మేనమామ వచ్చి, ఉతికించి, చుట్టాలకు పంచాలి. అప్పటిదాకా ముట్టకూడదు. ఉతకని బట్ట ఇంట్లో ఉంటే పోయిన మనిషి గడప దాటలేదట.

మొసెలాంచాకి కావలసిందే అది. దాటకూడదు.

నాలుగో రోజు మూట విప్పి అమ్మ కంబళి లాగేసింది. మొక్కజొన్న పొత్తుల బొమ్మలు నేసిన ఎర్ర కంబళి, పెళ్లినాటిది. దాన్ని ఖాళీ జొన్నగాదెలో దాచింది. రోజూ గాదెలో తల దూర్చి పీల్చేది. పిడకల పొగ, ముక్కుపొడుం, వాజలైన్, వాటి అడుగున అమ్మ. చెల్లెల్ని కూడా ఎత్తి లోపలికి వంచేది.

"చూడవే, అమ్మ."

"ఏదీ?" అంటూ లిపువో గాదె అడుగంతా వెతికేది.

నెల తిరిగింది. మేనమామ సెఖోన్యానా గుర్రం మీద కొండ దిగి వచ్చాడు, జీను ముందు ఒక గొర్రెను అడ్డంగా వేసుకుని. చుట్టాలు చేరారు. మూట విప్పాడు.

"కంబళి ఏదీ?"

అందరి చూపూ మేనత్త మాతెబెలో మీదికి పోయింది.

"నన్ను చూస్తారేం? ఊరికే ఇచ్చినా నాకొద్దు. ఆ మూట మొత్తం తగలబెట్టు బావా, పీడా పోతుంది."

"పోయినేడు ఆ కంబళే అడిగి కప్పుకుని చర్చికి పోయావు కదమ్మా! అప్పుడు జబ్బు అంటుకోలేదా?" అన్నాడు మామ.

ఆడవాళ్లు నవ్వు దాచుకున్నారు. బట్టలైతే ఉతికారు గానీ, పంచబోతే ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. కుండలూ, స్టవ్వూ మాత్రం ఎప్పుడు మాయమయ్యాయో తెలీదు. మామ అందర్నీ ఒకసారి చూశాడు. మూటలోంచి పోయిన తన చెల్లెలి ఉన్నిటోపీ తీసి పెద్ద తలకి ఎక్కించాడు. అది నెత్తిన గిన్నె బోర్లించినట్టు నిలబడింది. లిపువో పకపకా నవ్వింది, నెలలో మొదటిసారి.

మొసెలాంచా లేచి, గాదెలోంచి కంబళి తెచ్చి మామ ముందు నిలబడింది.

"నాకిస్తావా మామా?"

"ఉతికితే ఇస్తా."

"ఉతికితే అమ్మ పోతుంది."

మామ నెత్తిమీది టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నెల రోజుల నుంచి గడపలోనే నిలబెట్టావు కదే దాన్ని. కాళ్లు నొప్పి పుట్టవూ?"

ఆ మాటకి పిల్ల ఏడ్చుకుంటూ వాగుకి నడిచింది. వెనకే మామ గుర్రాన్ని పట్టుకుని వచ్చాడు. ఒడ్డున నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. కంబళి పరిచి, సబ్బు రుద్ది, కాళ్లతో తొక్కింది. పొగ రంగు నీళ్లు పారిపోయాయి. ఒక మూల మాత్రం పిడికిట్లో పట్టుకుని నీళ్లకి పైనే ఉంచింది. మామ చూశాడు. చూసి, అటు తిరిగి, బిగించే ఉన్న జీను పట్టీని మళ్లీ బిగించాడు. తర్వాత ఇద్దర్నీ గుర్రమెక్కించి తనింటికి తీసుకుపోయాడు.

ఇప్పుడు మొసెలాంచాకి ముప్ఫైమూడు. ఉన్ని షెడ్డులో గొర్రెబొచ్చు ఏరే పని. లిపువో రాజధానిలో బట్టల ఫ్యాక్టరీలో జీన్స్ కుడుతుంది. క్రిస్మస్‌కి వచ్చి, ఈసారి ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, అమ్మ మొహం నాకు ఒక్క గీత కూడా గుర్తులేదు. వాసనైనా ఎలా ఉండేది?"

మొసెలాంచా కంబళి తెచ్చి, ఆ ఉతకని మూల అందించింది. ఇరవయ్యొక్కేళ్లుగా దాన్ని పిడికిట్లో పెట్టుకునే పడుకుంటోంది. లిపువో ముక్కుకి ఆనించుకుంది. కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది నాకు తెలుసు! అక్కా, నిజంగా తెలుసు. చిన్నప్పుడు దీని పక్కనే పడుకునేదాన్ని."

"ఆఁ. అదే," అంది మొసెలాంచా.

చెల్లెలు మొహం కడుక్కోవడానికి బయటికి వెళ్లాక, ఆ మూలని తనూ ముక్కుకి ఆనించుకుంది. గొర్రెబొచ్చు జిడ్డు, షెడ్డు సబ్బు, తన చెమట. ఇంకా గట్టిగా పీల్చింది.