రీలు మార్చేటప్పుడు జరిగే వాదన

అరబ్బు దేశంలో, ఖైతాన్ పేటలో మా గది కింద వెల్డింగ్ షాపు ఉంది. నిన్న పొద్దున కిటికీ తెరవగానే ఆ కాలిన వాసన నన్ను టూరింగ్ టాకీసు ఇసుకలో కూర్చోబెట్టింది. నా ఈడు వాళ్ళకి గుర్తుండాలి. ప్రొజెక్టర్‌లో కార్బన్ కడ్డీలు మండేవి. ఆ వెలుగులోంచే బొమ్మ వచ్చేది.

సాయంత్రం ఫోన్లో సైన్సు, సినిమాల చర్చా గ్రూపులో ఈ మాటే రాశాను. దాన్ని నడిపేది ఇక్కడే పక్కన ఫర్వానియాలో ఉండే ఒక మేధావి. నా మీసం నెరిశాక పుట్టినవాడు. "లోపలుండేది బల్బే. లింకు పెట్టండి అంకుల్, లేదంటే ఖలాస్" అన్నాడు. నా కళ్ళతో చూశానన్నాను. గ్రూపులోంచి తీసేశాడు. ఈ దేశంలో నేను వాదించుకోవడానికి ఉన్న చోటు అదొక్కటే.

టాకీసులో ఒకటే మిషను. రీలు మార్చేటప్పుడు దీపాలు వెలిగేవి, వేరుశెనగ పొట్టు మధ్య అందరూ వాదించుకునేవారు. మిషను లోపల నిప్పుందని చిన్నప్పుడు ఒకసారి నేనన్నాను.

"నిప్పుంటే రీలు అంటుకుపోదేంట్రా, అబద్ధాలకోరా?" అని టైలర్ సూర్రావు మావయ్య నవ్వాడు.

ఏడుపు మొహంతో లేచాను. దీపాలు ఆరాయి. చీకట్లో మావయ్య నా చెయ్యి పట్టుకుని, తన చాప మీద చోటిచ్చాడు.

"ఎక్కడికెల్తావ్? కూకో. బొమ్మయ్యాక మళ్ళీ దెబ్బలాడుకుందాం."